తెల్లదారం సీసా

మంగళవారం పొద్దున కొలిచేసరికి జాడీలో నూనె మళ్లీ తగ్గింది.

జకరయ్య వెదురుపుల్లను గుడ్డతో తుడిచి ఇంకోసారి ముంచి తీశాడు. నిన్న మధ్యాహ్నం మేకుతో గీసుకున్న గుర్తుకూ, ఇవాళ పుల్ల తడిసిన చోటుకూ మధ్య రెండు వేళ్ల మందం తేడా ఉంది. జాడీకి పగులేమైనా వచ్చిందేమోనని వంగి చూశాడు. కింద నేల పొడిగానే ఉంది. పక్కనున్న వేరుశనగ నూనె డబ్బాను కూడా కొలిచాడు. అందులో తగ్గలేదు సరికదా, కాస్త పెరిగినట్టే కనిపించింది. ఉన్న నూనె తగ్గుతుంది గానీ పెరగడమేమిటి, తన కళ్లకే మసకలు కమ్ముతున్నాయనుకుని డబ్బాకు మూత పెట్టేశాడు.

జకరయ్యకు అనుమానాలు కొత్త కాదు. పందొమ్మిదేళ్లుగా ఆ బంగళాలో కాంపౌండరు. పొయ్యి వెలిగించడానికి అగ్గిపెట్టె ఇస్తే పుల్లలు లెక్కపెట్టి ఇస్తాడు. ఆదివారం చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకున్నా, ఒక కన్ను గుమ్మం దగ్గరి చెప్పుల మీదే ఉంటుందని భార్య ఆనందకుమారి పదిమందిలో అనేస్తుంది. ఆయన కాదనడు. పందొమ్మిదేళ్లలో బంగళా నుంచి ఒక్క సీసా బిరడా కూడా బయటికి పోలేదంటే అది ఎవరి పుణ్యమని ఎదురు అడుగుతాడు.

బంగళా బోగోలుకు తూర్పున, జాలర్ల పాళెం గుడిసెలు అయిపోయి సముద్రపు ఇసుక మొదలయ్యే చోట ఉంది. బోర్డు మీద 'మిషన్ నేత్ర పరిశోధనశాల' అని రాసి ఉన్నా పాళెంవాళ్లకు అది కార్జాల బంగళా. సొరచేపల కార్జాలు కొని, కాచి, నూనె తీయడమే అక్కడ వాళ్లకు కనబడే పని. పొద్దు గూకితే గోడలు తడుముకుంటూ నడిచే పిల్లలు ఆ తీరం పొడుగునా ఉన్నారు. వాళ్ల రేచీకటిని ఆ నూనె పోగొడుతుందని రుజువు చేయాలని డాక్టర్ ప్రేమలీల మూడేళ్లుగా అక్కడ కూర్చుని కష్టపడుతోంది.

ఇంతకాలం ఖర్చంతా సముద్రాలకు అవతలున్న మిషన్ పెట్టుకుంది. ఈ 1961 మార్చితో ఆపేస్తున్నామని, ఇకమీదట మీ కాళ్ల మీద మీరు నిలబడండని ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మా, జకరయ్యా కూర్చుని ఒక దారి వేశారు. నూనెను సీసాల్లో పోసి మద్రాసు మందుల షాపులకు అమ్మాలి. వచ్చిన దాంతో పరిశోధన నడవాలి. ఇక్కడి పిల్లలకు మాత్రం ఊరికే పోయాలి. ఆ దారి నడుస్తుందో నడవదో తేల్చడానికి మిషన్ కమిటీ కార్యదర్శి ఆనందబాబు గారు శుక్రవారం మద్రాసు నుంచి వస్తున్నారు. ఆయన ఒప్పుకుంటే బంగళా ఉంటుంది. లేకపోతే నెలాఖరుకు తాళం పడుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆ తాళం తన చేతే వేయిస్తారన్న బాధ జకరయ్యను ఎక్కువగా తినేస్తోంది.

ఇటువంటి వారంలో నూనె తగ్గడమేమిటి? జాడీ గదిలోకి పోయేది ముగ్గురే. డాక్టరమ్మ, తను, కార్జాలు కాచే గురవమ్మ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జకరయ్య ఈశ్వరుణ్ణి నమ్మడు గానీ సామెతను నమ్ముతాడు.

పెరట్లో గురవమ్మ అప్పటికే పనిలో ఉంది. పాళెం మనిషి. మొగుడు సముద్రంలో పోయాక, మనవరాలు చెంచమ్మను పెట్టుకుని ఈ పనిలో చేరింది. తడి గోనె మీద కార్జాలను పరిచి, ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి తీసుకునే పసిబిడ్డలాగా రెండు చేతులతో ఎత్తి, అడుగున అంటుకున్న చేదు తిత్తిని కత్తిమొనతో పగలకుండా ఊడదీస్తోంది. ఆ తిత్తి ఒక్కటి పగిలితే బానెడు నూనే చేదెక్కుతుంది. కోసిన ముక్కలు కళాయి గిన్నెలో నీళ్లలో పడుతున్నాయి. సన్నటి సెగ మీద నూనె తేలితే గరిటెతో పైపైన తీసి, గుడ్డలో వడగట్టి, జాడీలో తేరుకోనివ్వాలి. మూడేళ్లుగా ఆమె చేతిలో ఒక్క తిత్తి పగల్లేదు. ఆ సంగతి జకరయ్యకు తెలుసు. ఇవాళ మాత్రం అంత నేర్పున్న చెయ్యి ఇంకేమేం చేయగలదోనని ఆయన నిలబడి చూస్తున్నాడు.

ఆయన్ను చూసి గురవమ్మ కత్తి పక్కన పెట్టింది.

"జకరయ్యన్నా, మీ కండ్లు ఎట్టా ఉండాయి?"

"నా కండ్లకేమైంది?"

"మసకలని మొన్న అంటిరే. మద్రాసు బోయి అద్దాలు పెట్టించుకోరాదా?"

"నాకు అన్నీ బాగానే అగపడతా ఉండాయిలే," అన్నాడు జకరయ్య 'అన్నీ' మీద ఊనిక పెట్టి.

ఆమె ఏదో జాలిపడినట్టు చూసి మళ్లీ కత్తి అందుకుంది. ఈ మధ్య రెండు మూడు రోజులకోసారి ఇదే ప్రశ్న అడుగుతోంది. తనకు ఎంతమేరకు కనబడుతుందో కొలుచుకుంటోందన్నమాట. జకరయ్యకు ఒళ్లు మండింది.

సాయంత్రం దీపాలవేళకు పిల్లలు వచ్చారు. మొత్తం నలభైమంది. జనవరిలో డాక్టరమ్మ వాళ్లను రెండు జట్లు చేసింది. ఇరవైమంది చేతికి ఎర్రదారం, ఇరవైమందికి తెల్లదారం. బల్ల మీద రెండు పెద్ద నల్లసీసాలు ఉంటాయి. ఎర్రదారం కట్టిన సీసాలో సొర నూనె, తెల్లదారం సీసాలో వేరుశనగ నూనె. రెండూ ఒకటే వాసన వేయడానికి నాలుగేసి చుక్కల సోపుగింజల తైలం. సోమవారం, గురువారం వాటిని నింపేది జకరయ్యే. ఏ సీసాలో ఏముందో ఆయనకూ డాక్టరమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు. సొర నూనె తాగినవాళ్లకు చూపొచ్చి, తాగనివాళ్లకు రాకపోతేనే అది మందని లోకం నమ్ముతుంది. జకరయ్య మొదట్లో ఒకటి రెండు రాత్రులు నిద్రపట్టక దొర్లాడు. ఆరు నెలలేగదా, ఆ తర్వాత అందరికీ పోస్తాంగదా అని డాక్టరమ్మ అంటే సర్దుకున్నాడు.

పిల్లలు నోళ్లు తెరిచి నిలబడితే ఆయన చెంచాలు పోసుకుంటూ పోయాడు. గురవమ్మ పక్కన నిలబడి మూతులు తుడుస్తోంది. తెల్లదారం వరసలో చివరి పిల్లకు పోసేటప్పుడు సీసా మూతి నుంచి ఒక చుక్క గచ్చు మీద పడింది. బంగళా చుట్టూ తిరిగే బూడిదరంగు పిల్లి వచ్చి దాన్ని నాకింది. గురవమ్మ ముఖం ఎందుకో వికసించింది. జకరయ్య ఆ నవ్వును కూడా అనుమానాల మూటలో కట్టుకున్నాడు.

బుధవారం పొద్దున ఆయన సముద్రపొడ్డుకు పోయాడు. రాత్రంతా ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. సొర నూనెకు పాళెంలో ఉన్న పాత గిరాకీ ఒక్కటే. దోనిచెక్కకు ఉప్పునీళ్లు పట్టకుండా తాతల నాటి నుంచి ఆ నూనే పూసేవాళ్లు. ఇసుక మీద, పాళేనికి పెద్ద అయిన కాపు మాల్యాద్రి దోని బోర్లించి ఉంది. కొత్తగా నూనె పూశారేమో, ఎండకు నిగనిగలాడుతోంది. జకరయ్య అటూ ఇటూ చూసి, జేబులోంచి దూది తీసి చెక్క మీద గట్టిగా రుద్దాడు.

"ఏంది జకరయ్యా, దోనికి జొరం చూస్తా ఉండావా?"

మాల్యాద్రి అవతలి పక్క నీడలో కూర్చుని వల అల్లుకుంటున్నాడు. జకరయ్య దూదిని గుప్పిట్లో దాచాడు.

"ఏం చెక్కో చూస్తా ఉండా."

"ఇరవయ్యేండ్లుగా చూస్తా ఉండే చెక్కేగదయ్యా." మాల్యాద్రి దారాన్ని పంటితో తెంపాడు. "ఇంతకుముందు కార్జమంటే దోనికే. ఇప్పుడు కార్జాలన్నీ మీ బంగళాకు బోతా ఉంటే, మేము పొన్న నూనె కొని పూస్తా ఉండాం. అది సరే. మద్రాసు నుంచి ఎవురో దొర వస్తాడంటనే?"

"దొర కాదు. మన ఆనందబాబు గారు."

"ఎవురైతే ఏం. మా కార్జాలు, పరీక్షకని తీసిన మా బిడ్డల నెత్తురుచుక్కలు, అన్నీ సీసాల్లోకెత్తి అమ్ముకుంటారని పాళెంలో మాట పుట్టింది. మా బిడ్డల్లో నలభైమందికే ఎందుకు పోస్తా ఉండారు, మిగతావాళ్లు బిడ్డలు గారా అని ఆడోళ్లు నన్ను నిలదీస్తా ఉండారు. శుక్రవారం నేనూ వస్తా. ఆయన చెప్పేది ఇని, బాగలేదంటే దురాయి పెడతా. ఒక్క కార్జం మీ గడప తొక్కదు."

దురాయి అంటే పాళెం కట్టు. కాపు నోట ఆ మాట వచ్చాక దాన్ని దాటి సొంత తమ్ముడు కూడా చేప అమ్మడు. జకరయ్య గబగబా బంగళాకు వచ్చి, తలుపేసుకుని, దూది పిండి పరీక్షనాళికలో వేశాడు. మద్రాసు నుంచి తెప్పించిన ద్రావకం ఒకటుంది. సొర నూనెలో అది పడితే ఒక్క క్షణం నీలం రంగు పొంగి, చూస్తుండగానే వెలిసిపోతుంది. జకరయ్య చుక్కవేసి నాళికను వెలుగుకు ఎత్తి పట్టాడు. నీలం రాలేదు. మాల్యాద్రి చెప్పింది నిజమే, అది పొన్న నూనే. దొంగ దొరకనందుకు ఆయనకు సంతోషం కలగలేదు.

ఆ సాయంత్రం గవ్వల పరీక్ష జరిగింది. పొద్దుగూకాక వసారాలో చాప పరిచి, లాంతరును తలుపు చాటున పెట్టి, చాప మీద ఐదు గవ్వలు చల్లుతారు. బిడ్డ వచ్చి ఏరాలి. జనవరిలో చాలామంది చాప అంచునే తడుముతూ కూర్చున్నారు. ఫిబ్రవరి రెండో వారంలో ఎర్రదారం పిల్లలు మూడు నాలుగు ఏరారు. తెల్లదారంవాళ్లు అప్పుడూ చాప అంచుల్లోనే మిగిలారు.

ఇవాళ ఎర్రదారం పిల్లలు గబగబా ఐదూ ఏరేశారు. డాక్టరమ్మ ముఖం వెలిగింది. తెల్లదారం పిల్లలు కూడా వచ్చారు. మొదటి పిల్ల ఐదు. రెండో వాడు ఐదు. మూడోది నాలుగు తీసి, ఐదోదాన్ని చాప కింద నుంచి లాగి మరీ ఇచ్చింది. డాక్టరమ్మ లాంతరు ఒత్తి ఇంకా తగ్గించమంది. అయినా అంతే. ఇరవైమందిలో పద్దెనిమిదిమంది ఐదూ ఏరారు.

పిల్లలు కేరింతలు కొడుతూ పోయాక ఆమె చాప మీదే కూర్చుండిపోయింది.

"ఏమమ్మా, అందరికీ నయమైంది గదా," అన్నాడు జకరయ్య.

"అదేగా మునిగింది. నూనె తాగినవాళ్లకూ నయమైంది, తాగనివాళ్లకూ నయమైంది. అంటే నూనెతో పనిలేదన్నమాట. ఈ ఏడాది ఆకుకూరలు బాగా పండాయో ఏమో. మూడేళ్లుగా నేను నమ్మింది తప్పు, జకరయ్యగారూ. ఆనందబాబు గారికి ఇదే చెప్పాలి. పనిచేయని నూనెను మందని అమ్మమని నేను చెప్పలేను."

 జకరయ్య గవ్వలు ఏరి డబ్బాలో వేశాడు. జాడీ గదిలోకి పోయి, దీపం పెట్టి, ఊరికే కాళ్లు పీకేదాకా నిలబడ్డాడు. ఏం తోచక వేరుశనగ నూనె డబ్బా మూత తీశాడు. గుప్పున సోపు వాసన వచ్చింది. సీసాలు నింపే గదిలో ఎప్పుడూ ఉండే వాసనేనని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

డబ్బాలోకి సోపు ఎలా వచ్చింది? సోపు తైలం పడేది చెంచాల సీసాల్లోనే. ఎవరో తెల్లదారం సీసాలోంచి నూనెను మళ్లీ డబ్బాలో పోశారు. అందుకే డబ్బాలో నూనె పెరిగింది. కళ్ల మసకలు కాదు. మరి ఇప్పుడు ఆ సీసాలో ఉన్నదేమిటి? ఆయన తెల్లదారం సీసాలోంచి ఒక బొట్టు నాళికలోకి వంచి, ద్రావకం చుక్క వేశాడు. దీపం వెలుగులో నాళిక అంతా నీలమైపోయింది.

నూనె బంగళా దాటి ఎక్కడికీ పోలేదు. ఈ గదిలోనే ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి పోయింది. ఎవరు పోశారో ఆలోచించనక్కర్లేదు. గురవమ్మ తన మనవరాలి కోసం పోసి ఉంటుందనుకుని ఆయన పిల్లల పుస్తకం తిరగేశాడు. చెంచమ్మ పేరు ఎర్రదారం వరసలో రెండోది. మొదటి నుంచీ దానికి సొర నూనే పడుతోంది. తనకు పట్టని తెల్లదారం పిల్లల కోసం ఈమె ఇంత తెగింపు ఎందుకు చేసినట్టు? ఎవరో నేర్పి చేయించి ఉండాలి. మాల్యాద్రి కావచ్చు. బంగళా మూయించడానికే పన్నిన పన్నాగం కావచ్చు. ఆ రాత్రి జకరయ్యకు నిద్రలేదు. పొద్దున ఆనందకుమారి గంజి ముందు పెట్టి, మళ్లీ ఎవరి చెప్పులు పోయాయని అడిగింది.

గురువారం మధ్యాహ్నం ఆయన రెండు సీసాలూ నింపి, గురవమ్మకు వినబడేలా భోజనానికి పోతున్నానని గట్టిగా చెప్పి, వీధివైపు నుంచి చుట్టు తిరిగి వచ్చి జాడీ గదిలో బీరువా వెనక నక్కాడు. యాభై రెండేళ్ల మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని, చెమటలు కారుతుంటే అక్కడ నిలబడి ఉండగా తలుపు కిర్రుమంది.

గురవమ్మ దొంగలాగా రాలేదు. కొంగు దోపుకుని, చేతులు కడుక్కుని వచ్చింది. తెల్లదారం సీసాను ఎత్తి డబ్బాలోకి వంచింది. ఒక్క చుక్క బయట పడకుండా పోసి, జాడీలోంచి సొర నూనెను గరిటెతో సీసాలోకి నింపింది. సోపు తైలం నాలుగు చుక్కలు పెదాలు కదుపుతూ లెక్కపెట్టి వేసింది. బిరడా పెట్టి, దారం వదులైందేమో చూసి బిగించింది.

"దొరికినావు గురవమ్మా!"

జకరయ్య బీరువా చాటునుంచి బయటికొచ్చాడు. ఆమె ఉలిక్కిపడింది. వెంటనే ఆయన మీదికి కాదు, కిటికీ దగ్గరికి పరుగెత్తింది. డాక్టరమ్మ గది వైపు తొంగిచూసి, వెనక్కి తిరిగి నోటిమీద వేలుంచుకుంది.

"మెల్లగా అన్నా! ఆయమ్మ చెవిన పడితే మీ నౌకరీ ఉంటాదా?"

"నా నౌకరీయా?"

"మీది గాక నాదా? ఐదు వారాల నుంచి నోరు మెదపకుండా సర్దుకోనొస్తా ఉండా. ఇప్పుడు మీరే అరిచి బయటపెట్టుకుంటా ఉండారే!"

జకరయ్యకు ఏమీ అర్థం కాలేదు. చేతిలో చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. గురవమ్మ గొంతు తగ్గించి, చంటిబిడ్డకు చెప్పినట్టు చెప్పింది.

"తెల్లదారం సీసా మూతిన కారిందని ఒకనాడు పిల్లికి చూపించినా. వాసన జూసి మూతి తిప్పుకోని పోయింది. ఎర్రదారంది పెడితే గచ్చు అరిగేదాకా నాకింది. సొర నూనెను ఒదిలిపెట్టే పిల్లి యాడైనా ఉంటాదా? అప్పుడు తెలిసింది, మీరు కండ్లు అగపడక పొరపాటున డబ్బాలోది పోసినారని. ఒకసారి గాదు, ఎప్పుడు పోసినా అదే పొరపాటు. పాపం, వయసు మీద పడతా ఉండాది, ఎవురికైనా జరుగుతాది."

"నన్ను అడగొచ్చు గదా?"

"మొగాన అడిగితే మీకు చిన్నతనం గాదా? అందుకే, కండ్లు ఎట్టా ఉండాయని చుట్టు తిప్పి అడగతా వచ్చినా."

జకరయ్య స్టూలు మీద కూలబడ్డాడు. మూడు రోజులుగా తను ఆమెను దొంగ దొంగ అనుకుంటూ చూశాడు. ఆమె ఐదు వారాలుగా తన తప్పును కొంగుచాటున దాస్తూ వచ్చింది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. నిజం చెప్పేస్తేనైనా ఆ మంట తగ్గుతుందనిపించింది.

"అది పొరపాటు కాదు గురవమ్మా. కావాలనే పోసినాం. సగంమందికి పోసి, సగంమందికి పొయ్యకుండా చూస్తేనే నూనె సంగతి తేలేది."

ఆమె ఆయన్ను ఒక్క క్షణం చూసి నవ్వేసింది.

"పొండన్నా! తప్పు కప్పుకునేదానికి ఇట్టాంటి మాటలు చెప్పబాకండి. కావాలని ఎవురన్నా ఇరవైమంది పసిబిడ్డల్ని చీకట్లో కూసోబెడతారా? మేము అలివివల లాగేటప్పుడు, దారినబొయ్యే పరాయోడు వచ్చి తాడు పట్టినా వాడికి చేపల్లో ఓ పాలు ఏస్తాం. పట్టిన చేతికి పాలు తప్పితే వల చినుగుతాదంటారు. ఈ బిడ్డలు మూడు నెల్ల నుంచి దినామూ వచ్చి మీ తాడు పట్టుకుంటా ఉండారు. వాళ్లకు పాలు ఎగ్గొట్టే మనిషా మీరు? నాకు తెలీదా?"

జకరయ్య తలెత్తలేకపోయాడు. ఆమె సీసాను యథాస్థానంలో పెట్టి, బల్ల తుడిచి, పొయ్యి ఆరిపోతోందంటూ వెళ్లిపోయింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఆనందబాబు గారు బిట్రగుంటలో రైలు దిగి, జట్కాలో వచ్చారు. సన్నగా, తెల్లగా, చేతిసంచీ ఒళ్లోంచి దించని మనిషి. బల్లకు ఒకపక్క ఆయన, ఎదురుగా డాక్టరమ్మ. తలపాగా ఒళ్లో పెట్టుకుని మాల్యాద్రి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసులు తెచ్చిన గురవమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నేను వచ్చేముందు కాగితాలన్నీ చూశాను," అన్నారాయన. "అమ్మకం వల్ల బంగళా నడుస్తుందని రాశారు. కార్జాలు కొనడానికే సగం పోతోంది. కాచిన నూనెకూ, జాడీలో ఉన్న నూనెకూ పొంతన లేదు. ధర్మసంస్థల్లో ఇలాంటివి నేను చాలా చూశాను డాక్టరుగారూ. చీమలు తిన్నాయంటారు. సరే, అది తర్వాత. ముందు, నూనె పనిచేస్తుందా?"

డాక్టరమ్మ ముందున్న పుస్తకం తెరవలేదు. "రెండు జట్లకూ తేడా లేదు. పనిచేస్తుందని నేను రాయలేను."

ఆనందబాబు గారు సంచీ జిప్పు లాగారు. "అయితే మనం మాట్లాడుకునేది ఇంకేముంది?"

జకరయ్య ఆ జిప్పు చప్పుడు విన్నాడు. పెద్ద తాళం ఎక్కడుందో కూడా ఆ క్షణాన ఆయనకు గుర్తొచ్చింది. గురవమ్మ పేరు చెబితే తన పందొమ్మిదేళ్ల పేరు నిలుస్తుంది. ఆమె మజ్జిగ పళ్లెం గుండెకు ఆనించుకుని తనవైపే చూస్తోంది. చెప్పొద్దని కళ్లతోనే బతిమాలుతోంది. తనను తాను కాపాడుకోవడానికి కాదు, ఆయన్ను కాపాడటానికి.

"తేడా ఎట్టా ఉంటాదండీ," అన్నాడు జకరయ్య లేచి. "ఐదు వారాల నుంచి రెండు సీసాల్లోనూ సొర నూనే ఉండాది. సీసాలు నింపేది నేనే. పొరపాటు నాదే."

 ఆయన తెల్లదారం సీసా తెచ్చి, అందరి ముందూ నాళికలో బొట్టు వేసి ద్రావకం కలిపాడు. నీలం పొంగింది. ఆనందబాబు గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"జాడీలో తగ్గింది ఈ సీసాలోకే వచ్చింది. చీమలు తినలేదు."

డాక్టరమ్మ జకరయ్యను చూసింది. ఆ చేతి నుంచి అటువంటి పొరపాటు జరగదని ఆమెకు తెలుసు. ఆమె చూపు మెల్లగా తలుపు దాకా పోయి, పళ్లెం మీద ఆగి, వెనక్కి వచ్చింది. అడగాల్సిన ప్రశ్న ఆమె అడగలేదు. గబగబా పుస్తకం తెరిచింది.

"ఐదు వారాలా? అంటే ఫిబ్రవరి పరీక్ష అయ్యాక! అప్పుడు తెల్లదారం పిల్లల్లో ఐదు గవ్వలూ ఏరినవాళ్లు ఒక్కరూ లేరు. మొన్న పద్దెనిమిది. నూనె లేనన్నాళ్లూ ఆ పిల్లలకు చూపు రాలేదు, నూనె పడ్డాక వచ్చింది. ఆనందబాబు గారూ, నాకు కావాల్సిన రుజువు ఇదే. నేను వెతికిన దారిన రాలేదు, అంతే." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇక ఈ దారాలు వద్దు. ఇవాళ్టి నుంచి అందరికీ ఒకే సీసా."

"అందరికీ అంటే?" మాల్యాద్రి మొదటిసారి నోరు విప్పాడు. "ఆ నలభైమందికా, పాళెంలో బిడ్డలందరికీనా?"

"అందరికీ పోస్తే అమ్మడానికి మిగిలేదేముంది? కార్జాలకు ఇచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నారు ఆనందబాబు గారు.

"డబ్బెవురడిగినారు?" మాల్యాద్రి తలపాగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "దోనికి ఓ పాలు ఉంటాది, వలకు ఓ పాలు ఉంటాది. తాతలనాడు కార్జం దోని పాలు. మీరొచ్చినాక దాన్ని కొన్నారు, మేము అమ్మినాం, కొన్నోడి మీద అమ్మినోడికి అనుమానం వచ్చింది. నా బిడ్డ నోట్లో చెంచా పడతా ఉంటే కార్జం బంగళా పాలు. ఊరికే ఇస్తాం. మీరు కాచండి, మా బిడ్డలకు పొయ్యండి, మిగిలింది మద్రాసులోనో మక్కాలోనో అమ్ముకోండి."

ఆనందబాబు గారు ఆయన్ను నమ్మలేనట్టు చూశారు. "రేపు మాట తప్పితే?"

"పాలు తప్పిన పాళెం యాడైనా చూసినారా మీరు?"

ఆనందబాబు గారు సంచీలోంచి పెన్సిలు తీసి ఒక కాగితం వెనక కాసేపు ఏవో వేసుకున్నారు, కొట్టేశారు, మళ్లీ వేసుకున్నారు. కార్జాల ధర పక్కన సున్నా పెట్టి, దాని చుట్టూ గీత గీశారు. ఆరు నెలలు చూద్దామన్నారు. మజ్జిగ ఒక్క గుక్కలో తాగి, లేచేముందు జకరయ్యకు ఒక హెచ్చరిక కాగితం రాసిచ్చారు. 'పనిలో అజాగ్రత్త' అని అందులో ఉంది. జకరయ్యకు అటువంటి కాగితం రావడం అదే మొదలు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఆయన్ను జట్కా దాకా సాగనంపాడు.

సాయంత్రానికి పాళెం పిల్లలంతా ఊడిపడ్డారు. వసారా చాలక వరస ఇసుకలోకి పోయింది. బల్ల మీద ఇప్పుడు ఒకటే సీసా ఉంది. దానికి దారం లేదు. జకరయ్య చెంచా తీసుకోబోతుండగా గురవమ్మ చంకలో బూడిదరంగు పిల్లితో వచ్చింది.

"ఇదెందుకు?"

"ఉండనీండన్నా," అంది పిల్లిని బల్ల పక్కన దించుతూ. "మళ్లా పొరపాటు జరక్కుండా."

ఆమె ఆయన కళ్లలోకి చూస్తూనే ఆ మాట అంది. ముఖంలో నవ్వు లేదు. ఈమె నిజంగానే పొరపాటనుకుందా? లేక మొదటి నుంచీ అన్నీ తెలిసి, తను తలెత్తుకుని బయటికి రావడానికి ఒక దారి తెరిచి పెట్టిందా? జీవితంలో ఎన్నిటినో అనుమానించి తేల్చుకున్న జకరయ్యకు, దీన్ని మాత్రం తేల్చుకోవాలనిపించలేదు. ఆయన సీసా వంచి, మొదటి చుక్కను గచ్చు మీద పిల్లి ముందు పోసి, అది నాకేదాకా పిల్లలందరి ఎదుటా చెంచా పట్టుకుని నిలబడ్డాడు.